ఆ టిక్కెట్టు వేరు... ఈ టిక్కెట్టు వేరు!

"మామయ్యా! నాకు టిక్కెట్టొచ్చింది" అన్నాడు మా మేనల్లుడు ఆఫీసు నుంచి వస్తూనే, నీరసంగా.

"ఏ సినిమాకిరా? మొదటి ఆటేనా?" అన్నాన్నేను హుషారుగా.

వాడు నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ఇన్నేళ్ళుగా సినిమాలు చూడ్డం, వాటి గురించి రాయడం తప్ప మరో పని చేయనివాణ్ణి. టిక్కెట్టంటే నాకు తెలిసింది ఒక్కటే. కానీ ఇది జరిగింది మన గాంధీనగర్లోనో, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోనో కాదు. అమెరికాలో, న్యూజెర్సీలో. నలభై మైళ్ళ వేగంతో వెళ్ళాల్సిన రోడ్డు మీద మావాడు యాభై రెండు మైళ్ళతో పోయాడట. పోలీసాయన ఆపి, నవ్వుతూనే ఓ కాగితం చేతిలో పెట్టాడట. ఆ కాగితాన్నే అక్కడ టిక్కెట్టంటారు. దాని మీద ఫలానా తారీఖున ఫలానా వూరి మునిసిపల్ కోర్టు అని అచ్చు వేసి వుంది.

కోర్టన్న మాట చూడగానే మావాడికి నిద్ర పట్టలేదు. వీసా మీద వున్నవాడు కదా! "నన్ను వెనక్కి పంపించేస్తారా మామయ్యా?" అన్నాడు రెండో రోజు రాత్రి. ఆఫీసులో ఎవరో మహానుభావుడు భయపెట్టాడట. నాకా, కోర్టంటే తెలిసింది 'జస్టిస్ చౌదరి', 'వకీల్ సాబ్'. మొన్న మొన్న 2025లో వచ్చిన 'కోర్ట్'. బోను, భగవద్గీత, నల్లకోటు, క్లైమాక్సులో తలుపు తోసుకుని పరుగెత్తుకొచ్చే సాక్షి! ఆ జ్ఞానంతో వాడికేం ధైర్యం చెప్పగలను? అందుకని వాడి తరఫున నేనే చదవడం మొదలెట్టాను. చదివిన కొద్దీ ఇది మీకు చెప్పాల్సిన కథేననిపించింది.

దానికి తోడు తణుకు నుంచి ఒక పాఠకుడు ఈ మధ్యనే ఉత్తరం రాశాడు. "అయ్యా, ఫోనులో రీలు వస్తుంది. తెల్లజుట్టు జడ్జిగారొకాయన చిన్న పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, మీ నాన్నకి ఎంత జరిమానా వెయ్యమంటావు అని అడుగుతాడు. చివరికి కొట్టేస్తాడు. ఆయన అమెరికా సుప్రీంకోర్టు జడ్జీయేనా?"

కాదు తమ్ముడూ! సుప్రీంకోర్టు కాదు సరికదా, అమెరికా న్యాయస్థానాల్లో అన్నిటికన్నా కింద మెట్టు అది. ఆయన పేరు ఫ్రాంక్ కాప్రియో. రోడ్ ఐలండ్ అనే బుల్లి రాష్ట్రంలో ప్రావిడెన్స్ నగరపు మునిసిపల్ కోర్టు జడ్జి. 1985 నుంచి 2023 దాకా ఆ కుర్చీలో కూర్చున్నాడు. తండ్రి ఇటలీ నుంచి వలస వచ్చి పళ్ళమ్మినవాడు, ఇంటింటికీ పాలు పోసినవాడు. కొడుకేమో పగలు బళ్ళో పాఠాలు చెబుతూ, రాత్రుళ్ళు న్యాయశాస్త్రం చదివాడు. ఆయన కోర్టులో జరిగే విచారణల్నే 'కాట్ ఇన్ ప్రావిడెన్స్' అని టీవీలో చూపించారు. 96 ఏళ్ళ తాతగారు వేగంగా కారు నడిపారని కేసు. "నేను ఎప్పుడూ నెమ్మదిగానే వెళ్తాను బాబూ, జబ్బు పడ్డ మా అబ్బాయిని రక్తపరీక్షకి తీసుకెళ్తున్నాను" అన్నారాయన. అబ్బాయికి 63 ఏళ్ళు! జడ్జిగారు కేసు కొట్టేశారు. ఆ ముక్క మీలో చాలామంది చూసే వుంటారు. 2025 ఆగస్టు 20న కాప్రియోగారు కన్నుమూస్తే, ఆయన కోర్టు మొహం ఏనాడూ చూడని వాళ్ళు కూడా దేశదేశాల్లో కళ్ళొత్తుకున్నారు.

అయితే టీవీలో కనిపించే కోర్టులన్నీ కోర్టులనుకునేరు సుమా! 1996 నుంచి 2021 దాకా 'జడ్జి జూడీ' అనే కార్యక్రమం నడిచింది. ఆవిడ ఒకప్పుడు నిజంగా జడ్జే. కానీ టీవీలో చేసింది మధ్యవర్తిత్వం. ఇరుపక్షాలూ ముందే ఒప్పుకుని సంతకాలు పెట్టి వచ్చిన పంచాయితీ అన్న మాట. అది సెట్టింగు. కాప్రియోగారిది అసలు సిసలు కోర్టు.

మరి ఆ బుల్లి కోర్టు అంత పెద్ద దేశంలో ఎక్కడ ఇముడుతుంది? మన భాషలో చెప్పుకుందాం. మన దేశంలో వున్నది ఒకే థియేటరు. మేజిస్ట్రేటు కోర్టు, సెషన్స్ కోర్టు, హైకోర్టు, సుప్రీంకోర్టు... నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ లాగ ఒకే హాల్లో ఒకదాని పైన ఒకటి. అమెరికాలో అలా కాదు. పక్కపక్కనే రెండు థియేటర్లున్నాయి.

మొదటిది కేంద్రానిది. వాళ్ళు ఫెడరల్ అంటారు. అందులో 94 జిల్లా కోర్టులు, వాటి పైన 13 అప్పీలు కోర్టులు, అన్నిటికీ పైన తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు. దేశం మొత్తానికీ వర్తించే చట్టాల తగాదాలు ఇక్కడ నడుస్తాయి.

రెండోది రాష్ట్రానిది. యాభై రాష్ట్రాలకీ యాభై రకాల థియేటర్లు. దొంగతనాలు, హత్యలు, విడాకులు, ఆస్తి తగాదాలు, కారు గుద్దుకోడాలు... దేశంలో కేసుల్లో సింహభాగం నడిచేది ఇక్కడే. మనం మాట్లాడుకుంటున్న మునిసిపల్ కోర్టు ఈ రెండో థియేటర్లో నేల టిక్కెట్టు! వూరి పేరుతో నడిచినా, ఆ అధికారం రాష్ట్రం ఇచ్చిందే. కేంద్రానికీ దీనికీ సంబంధం లేదు. మావాడికి ఈ ముక్క చెప్పగానే సగం జ్వరం తగ్గింది.

పేర్ల దగ్గరే పెద్ద తికమక. ఒకచోట మునిసిపల్ కోర్టంటారు, ఒకచోట మేయర్ కోర్టు, ఇంకోచోట గ్రామ న్యాయమూర్తి కోర్టు. కాలిఫోర్నియాలో ఇప్పుడు మునిసిపల్ కోర్టులే లేవు. 1998లో ఓటర్లు సరేనన్నాక, 2001కల్లా వాటన్నిటినీ పై కోర్టుల్లో కలిపేశారు. ఇక న్యూయార్కు సంగతి మరీ విచిత్రం. అక్కడ 'సుప్రీంకోర్టు' అంటే విచారణ జరిపే కింది కోర్టు! ఆ రాష్ట్రంలో అందరికన్నా పైనున్న దాని పేరు 'అప్పీళ్ళ కోర్టు'. కామెడీ ట్రాకు కాదు, నిజమే చెబుతున్నాను.

న్యూజెర్సీ పద్ధతి తిన్నగా వుంటుంది. వూళ్ళో మునిసిపల్ కోర్టు. అక్కడి తీర్పు నచ్చకపోతే 20 రోజుల్లోగా సుపీరియర్ కోర్టుకి అప్పీలు. ఆ పైన అదే కోర్టులోని అప్పీలు విభాగం. ఆ పైన రాష్ట్ర సుప్రీంకోర్టు. కేసులో రాజ్యాంగం లాంటి దేశవ్యాప్తమైన ప్రశ్న ఏదైనా వుంటేనే ఆఖరున వాషింగ్టన్‌లోని పెద్ద సుప్రీంకోర్టు తలుపు తట్టొచ్చు. తలుపు తీయడమా మానడమా అన్నది వాళ్ళిష్టం.

ఈ కింది మెట్టు మీద నడిచేవి ఏ కేసులు? వేగంగా కారు నడపడం, తాగి నడపడం, కొట్లో చిన్న వస్తువు జేబులో వేసుకోవడం, వీధిలో గలాటా, పెరట్లో గడ్డి కోయించకపోవడం. సినిమాల్లో చూసే పన్నెండు మంది జ్యూరీ ఇక్కడ వుండదు. ఆరు నెలలకి మించి జైలు పడే నేరమైతేనే జ్యూరీ కావాలని అడిగే హక్కు రాజ్యాంగం ఇస్తుందని 1970లో సుప్రీంకోర్టు చెప్పింది. న్యూజెర్సీ మునిసిపల్ కోర్టులో వినేదీ చెప్పేదీ ఒక్క జడ్జిగారే. '12 యాంగ్రీ మెన్' చూసి వెళ్తే నిరాశే!

సరే, మావాడి తారీఖు రానే వచ్చింది. కోర్టుకి వెళ్ళలేదు, కోర్టే మా వాడి వంటింటి బల్ల మీదికొచ్చింది. చాలా చిన్న కేసులు ఇప్పుడక్కడ కంప్యూటరు తెర మీదే నడుస్తాయి. మా మేనల్లుడు పైన ఇస్త్రీ చొక్కా, టై, కింద లుంగీ! నేను తెరకి కనపడకుండా ఫ్రిజ్ పక్కన నక్కి కూర్చున్నాను.

ముందుగా జడ్జిగారు అందరికీ వాళ్ళ హక్కులు చదివి వినిపించారు. తప్పు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, వకీలుని పెట్టుకోవచ్చు, భాష రాకపోతే దుబాసీని అడగొచ్చు, తీర్పు నచ్చకపోతే అప్పీలుకి వెళ్ళొచ్చు. ఒక్కో కేసూ పిలుస్తున్నారు. ఒకావిడ ఉద్యోగం పోయిందనీ, జరిమానా ఒక్కసారి కట్టలేననీ అంది. నెలనెలా ఎంత కట్టగలరో అడిగి, వాయిదాల మీద కట్టమన్నారు. ఒకాయనకి ఇంగ్లీషు రాదు. స్పానిష్ దుబాసీ తెర మీదికొచ్చి ప్రతి మాటా చెప్పాడు. అరుపుల్లేవు, అబ్జక్షన్లు లేవు. కానీ ఆ పది నిముషాలూ ఆ మనుషులకి జీవన్మరణమే అన్నట్టున్నాయి మొహాలు. సినిమా కోర్టులో నాకు ఏనాడూ కనపడనిది అక్కడ కనిపించింది: అందరూ మనలాంటి వాళ్ళే. హీరోలూ లేరు, విలన్లూ లేరు.

అంతా బాగానే వుంది. కానీ నా బుర్రలో ఒక పురుగు తొలిచింది. ఈ జడ్జిగారు మంచాయన. ప్రావిడెన్స్ జడ్జిగారు మరీ మంచాయన. కాకపోతే?

కాకపోతే ఏమవుతుందో ఫెర్గూసన్ చెబుతుంది. మిస్సోరీ రాష్ట్రంలో 21 వేల జనాభా వున్న చిన్న వూరు. 2014లో అక్కడ పోలీసు కాల్పుల్లో మైకేల్ బ్రౌన్ అనే కుర్రాడు చనిపోయి, దేశమంతా అట్టుడికింది. కేంద్ర న్యాయశాఖ వాళ్ళు వచ్చి పోలీసులతో పాటు ఆ వూరి మునిసిపల్ కోర్టు రికార్డులూ తిరగేశారు. 2015 మార్చిలో నివేదిక ఇచ్చారు. 2014 డిసెంబరు నాటికి ఆ ఒక్క కోర్టు నుంచి 16 వేల మందికి పైగా అరెస్టు వారంట్లున్నాయి! న్యాయం చేయడం కన్నా వూరి ఖజానా నింపడం మీదే ఆ కోర్టు ధ్యాస పెట్టిందని తేల్చారు. ఒకావిడ 2007లో కారు పెట్టకూడని చోట పెట్టింది. 151 డాలర్ల జరిమానా, పైన ఖర్చులు. కట్టలేకపోయింది, వాయిదాలకి రాలేకపోయింది. దాని మీద కొత్త జరిమానాలు, రెండుసార్లు అరెస్టు, ఆరు రోజులు జైలు. ఏడేళ్ళలో 550 డాలర్లు కట్టాక కూడా ఇంకా 541 డాలర్లు బాకీ వుంది. మన పల్లెల్లో వడ్డీవ్యాపారి పద్దు కూడా ఇంతకన్నా నయమేమో!

ఈ జబ్బు కొత్తది కాదు. 1920లలో, మద్యనిషేధం రోజుల్లో, ఒహాయో రాష్ట్రంలో ఒక గ్రామ మేయరే జడ్జిగా కూర్చుని, సారా దొరికిందని ఒకాయనకి 100 డాలర్లు జరిమానా వేశాడు. ముద్దాయికి శిక్ష పడితే మేయరుకి 12 డాలర్లు ముడుతుంది. వదిలేస్తే ఏమీ రాదు! ఆ కేసు ఢిల్లీకి పోయినట్టు వాషింగ్టన్‌కి పోయింది. తీర్పు మీద తన ఆదాయం ఆధారపడే మనిషి జడ్జిగా కూర్చోకూడదని 1927లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 1971లో హ్యూస్టన్ నగరం కేసు. ట్రాఫిక్ జరిమానాలు 425 డాలర్లు కట్టలేని పేదవాణ్ణి, రోజుకి 5 డాలర్ల లెక్కన 85 రోజులు లోపల వుండమన్నారు. చేతిలో డబ్బు లేదన్న ఒక్క కారణంతో జరిమానాని జైలుగా మార్చడానికి వీల్లేదంది సుప్రీంకోర్టు.

చూశారా, ప్రతిసారీ కాపాడింది ఏది? కింది జడ్జి జాలిగుండె కాదు, పైనున్న మెట్లు. మరి ఆ మెట్లే లేకపోతే?

ఇక్కడే నాకు బాగా నచ్చిన కథ వుంది. మన సినిమావాళ్ళెవరైనా తీస్తే బాగుణ్ణనిపించే కథ. 1959 జనవరి 24, శనివారం సాయంత్రం. కెంటకీ రాష్ట్రం, లూయీవిల్ నగరం. థాంప్సన్ అనే ఆయన ఒక కాఫీ హోటల్లో కూర్చుని బస్సు కోసం ఎదురు చూస్తున్నాడు. లోపల జ్యూక్‌బాక్సు పాడుతోంది. పాటకి కాలు ఆగలేదు. లేచి, తనలో తనే ఒంటరిగా రెండు స్టెప్పులేశాడు. మామూలు తనిఖీకని ఇద్దరు పోలీసులొచ్చారు. "ఇక్కడేం చేస్తున్నావు?" "బస్సు కోసం చూస్తున్నాను." పనిలేకుండా తిరుగుతున్నావని అరెస్టు! ఇదేం అన్యాయమని వాదించాడు. వాదించినందుకు అల్లరి చేశాడని రెండో కేసు!

నగర పోలీసు కోర్టులో విచారణ జరిగింది. అది ఆ వూరి మునిసిపల్ కోర్టు లాంటిదే. హోటల్ మేనేజరు వచ్చి, ఆయన మాకు తెలిసినవాడే, నేను వెళ్ళమనలేదు, ఎవరికీ ఇబ్బంది కలగలేదు అన్నాడు. జేబులో డబ్బులున్నాయి, బస్సు వేళల కాగితం వుంది. అయినా ఒక్కో నేరానికి పది డాలర్ల చొప్పున జరిమానా పడింది. మొత్తం ఇరవై డాలర్లు. పోనీ పై కోర్టుకి వెళ్దామంటే, అంత చిన్న జరిమానా మీద రాష్ట్రంలో ఏ కోర్టుకీ అప్పీలు లేదని కెంటకీ చట్టం! అంటే ఆ కేసు వరకూ ఆ పోలీసు కోర్టే రాష్ట్రంలో ఆఖరి కోర్టయింది.

ఇంకెవరైనా ఇరవై డాలర్లు పారేసి ఇంటికి పోయేవాళ్ళు. ఆయన పోలేదు, ఆయన వకీలూ వదల్లేదు. రాష్ట్రంలో ఇక మెట్టు లేదు కాబట్టి, నేల టిక్కెట్టు నుంచి తిన్నగా బాల్కనీకే వెళ్ళారు. పోలీసు కోర్టు నుంచి సూటిగా అమెరికా సుప్రీంకోర్టుకి! వాళ్ళు తలుపు తీశారు. 1960 మార్చి 21న తొమ్మిది మంది జడ్జీలూ ఒక్కమాట మీద నిలబడ్డారు. తీర్పు రాసింది జస్టిస్ హ్యూగో బ్లాక్. సాక్ష్యం ఎక్కువా తక్కువా అని కాదు, అసలు సాక్ష్యమన్నదే లేకుండా మనిషిని దోషి అనడం రాజ్యాంగానికి విరుద్ధం అన్నారు. పాటకి కాలు కదిపిన మనిషి కోసం దేశంలోకెల్లా పెద్ద కోర్టు కదిలింది. ఈలవేసి చప్పట్లు కొట్టాల్సిన సీను కాదూ ఇది?

దీనికో చిన్న పిట్టకథ. అదే కెంటకీలో ఒక చిన్న వూరి పోలీసు జడ్జి బొగ్గు గనిలో పనిచేసే మనిషి. న్యాయశాస్త్రం చదవలేదు. చదవని జడ్జి మనిషిని జైలుకి పంపొచ్చా అని కేసు. పంపొచ్చు అంది సుప్రీంకోర్టు 1976లో. ఎందుకట? ఆ పై మెట్టు మీద చదువుకున్న జడ్జి ముందు మళ్ళీ మొదటి నుంచీ విచారణ కోరే హక్కు ముద్దాయికి వుంది కాబట్టి. చూశారా, మళ్ళీ మెట్టే! తరవాత 1978లో కెంటకీ వాళ్ళు ఆ పోలీసు కోర్టులన్నీ తీసేసి, వాటి స్థానంలో జిల్లా కోర్టులు పెట్టుకున్నారు. థాంప్సన్‌కి శిక్ష వేసిన కోర్టు ఇప్పుడు లేదు. ఆయన పేరు మీది తీర్పు మాత్రం వుంది.

ఇంతకీ మావాడి సంగతి. వూరి తరఫు వకీలు వాడితో ముందుగా మాట్లాడాడు. వేగం కేసు ఒప్పుకుంటే లైసెన్సు మీద రెండు పాయింట్లు పడతాయి, బీమా ఖర్చు పెరుగుతుంది. అంతకన్నా చిన్న నేరం కింద ఒప్పుకుంటే పాయింట్లుండవు గానీ జరిమానా ఎక్కువ. మావాడు రెండోది ఎంచుకున్నాడు. జడ్జిగారు, "ఎవరూ బలవంతపెట్టలేదు కదా? అర్థమయ్యే ఒప్పుకుంటున్నారు కదా?" అని రెండుసార్లు అడిగి సరేనన్నారు. మొత్తం ఆరు నిముషాలు. వీసా మాటే రాలేదు. తెర ఆపేశాక వాడు లుంగీ ఎగ్గట్టి గంతులేశాడు. "ఒరేయ్, లూయీవిల్లో దీనికే ఒకాయన్ని అరెస్టు చేశార్రా!" అన్నాన్నేను.

తణుకు తమ్ముడికి నా జవాబు ఇది. కాప్రియోగారి లాంటి జడ్జి ఎదురవడం అదృష్టం. అలాంటి వాళ్ళని చూసి కళ్ళు చెమర్చడం మంచిదే. కానీ అదృష్టం అందరికీ పట్టదు. రేపు నీకో, నీ అన్నకో చేతిలో ఓ కాగితం పడినప్పుడు, అది అమెరికా అయినా మన తణుకే అయినా, ముందు అడగాల్సింది జడ్జిగారు మంచివారా అని కాదు. దీని పై మెట్టు ఏది, ఎన్ని రోజుల్లో ఎక్కాలి అని. ఇరవై డాలర్ల కేసులో ఆ ప్రశ్న అడిగిన మనిషి వుండబట్టే ఆ తీర్పు వచ్చింది.

మా మేనల్లుడు ఇప్పుడు ముప్ఫై తొమ్మిది మైళ్ళు దాటట్లేదట. వెనక కార్ల వాళ్ళు హారన్లు మోగిస్తున్నారట. వాళ్ళమ్మ మాత్రం మహా సంతోషంగా వుంది.

వచ్చే వారం అసలు టిక్కెట్టు కబుర్లతో కలుద్దాం. అందాకా సెలవు!